అపార్ట్‌మెంట్ డే కేర్ అడ్మిషన్ ఫారంలో ఈ 5 షరతులు పెట్టొచ్చా? వైకల్యం ఉన్న పిల్లల విషయం, బెంగళూరు

సర్జాపూర్_కమిటీ అడిగిన ప్రశ్న:

నమస్కారం. సర్జాపూర్ రోడ్డులో 412 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్ మాది. క్లబ్‌హౌస్ కింది అంతస్తులో అసోసియేషన్ తరఫున డే కేర్ నడుస్తోంది. స్థలం, కరెంటు, నీళ్లు అసోసియేషన్‌వి. మనుషుల్ని పెట్టి నడిపేది ఒక ఏజెన్సీ. ఏడాదిన్నర నుంచి ఆరేళ్ల దాకా 28 మంది పిల్లలున్నారు. నలుగురు కేర్‌టేకర్లు, ఇద్దరు ఆయాలు. పొద్దున 8 నుంచి సాయంత్రం 7 వరకు.

ఇప్పుడు రెండు కొత్త దరఖాస్తులు వచ్చాయి. ఒక పాపకి మూడున్నరేళ్లు, సెరిబ్రల్ పాల్సీ (మెదడులో లోపం వల్ల కండరాల మీద పట్టు లేకపోవడం), నడవలేదు, అప్పుడప్పుడు ఫిట్స్ వస్తాయి. ఒక బాబుకి నాలుగేళ్లు, ఆటిజం, మాటలు ఇంకా రాలేదు, డైపర్ వాడుతున్నారు. రెండూ తెలుగు ఇళ్లే. ఈ దరఖాస్తులు చూశాక ఏజెన్సీ కొత్త అడ్మిషన్ ఫారం పంపి, కమిటీని సంతకం పెట్టమంటోంది. అందులో షరతులు ఇవి:

1. టాయిలెట్ అలవాటైన పిల్లలకే అడ్మిషన్.
2. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకి తల్లిదండ్రులే సొంత ఖర్చుతో షాడో టీచర్‌ని (ఆ ఒక్క పిల్ల పక్కనే ఉండి చూసుకునే మనిషిని) పెట్టాలి.
3. వైకల్యం ఉంటే యూడీఐడీ కార్డు (వైకల్యం ఉన్నవాళ్లకి ఇచ్చే జాతీయ గుర్తింపు కార్డు), 40 శాతం వైకల్యం ఉందనే సర్టిఫికెట్ జత చేయాలి.
4. మిగతా తల్లిదండ్రుల నుంచి ఫిర్యాదు వస్తే 24 గంటల నోటీసుతో అడ్మిషన్ రద్దు.
5. ఆవరణలో ఏం జరిగినా యాజమాన్యానికి బాధ్యత లేదు.

ఆదివారం కమిటీ మీటింగ్. వీటిలో ఏవి చట్టం ముందు నిలుస్తాయి? రేపు ఏదైనా అయితే జవాబు చెప్పాల్సింది అసోసియేషనా, ఏజెన్సీనా? ఆ ఇద్దరు పిల్లల్నీ తీసుకుంటే ముందుగా ఏమేం సిద్ధం చేయాలి?

న్యాయపత్రం:

ఐదిట్లో నాలుగు నిలవవు. మూడోది మాత్రం మార్చి రాసుకుంటే పనికొస్తుంది.

ముందు ఎవరికి వర్తిస్తుందో చూడండి. 'మాది స్కూలు కాదు, డే కేర్' అని ఏజెన్సీ అంటుంది. 'మేం స్థలం ఇచ్చామంతే' అని అసోసియేషన్ అంటుంది. దివ్యాంగుల హక్కుల చట్టం, 2016 ఈ రెండు మాటల్నీ ఒప్పుకోదు. సెక్షన్ 2లో 'ప్రైవేటు సంస్థ' అంటే ఏమిటో వరసగా చెప్పారు: కంపెనీ, ఫర్మ్, సొసైటీ, అసోసియేషన్, ట్రస్టు, ఏజెన్సీ ఇలా. మీ ఇద్దరి పేర్లూ ఆ వరసలో ఉన్నాయి. ఫారం మీద ఎవరి సంతకం ఉంటే వాళ్లు ఆ షరతులు తమవేనని ఒప్పుకున్నట్టే. కాబట్టి ఆదివారం సంతకం పెట్టకండి.

చాలామంది ఇక్కడ విద్యాహక్కు చట్టాన్ని పట్టుకుంటారు. అది 6 నుంచి 14 ఏళ్ల పిల్లలది, స్కూళ్లది. విడిగా నడిచే డే కేర్‌కి దాన్ని చూపిస్తే మొదటి జవాబులోనే కొట్టేస్తారు. దివ్యాంగుల చట్టంలోనే సెక్షన్ 16 ఉంది, అడ్మిషన్, వసతులు, రవాణా అన్నీ చెబుతుంది. కానీ అది ప్రభుత్వ నిధులో గుర్తింపో ఉన్న విద్యాసంస్థల గురించి. ఏ గుర్తింపూ లేని మీ డే కేర్ విషయంలో ఆధారం సెక్షన్ 3. వైకల్యం కారణంగా వివక్ష చూపకూడదు, చూపితే అది న్యాయమైన ఉద్దేశానికి, తగిన మోతాదులో తీసుకున్న చర్య అని చూపించగలగాలి. సహేతుకమైన సర్దుబాటు, అంటే ఆ వ్యక్తికి వీలుగా చేయగలిగిన మార్పు, చేయకపోవడం కూడా వివక్షే అని సెక్షన్ 2 నిర్వచనంలోనే ఉంది. షరతులన్నీ దీని మీదే తేలతాయి.

రెండో షరతు, షాడో టీచర్ ఖర్చు. ఎక్కువ డే కేర్లు తప్పుచేసేది ఇక్కడే. 2017 కేంద్ర నియమాల్లో 3వ నియమం స్పష్టంగా చెబుతుంది: సర్దుబాటుకయ్యే ఖర్చును పూర్తిగా గానీ, కొంత గానీ భరించమని వైకల్యం ఉన్న వ్యక్తిని ఏ సంస్థా బలవంతపెట్టకూడదు. 'మీరు మనిషిని పెట్టుకుంటేనే సీటు' అనేది అచ్చంగా ఆ బలవంతమే. తల్లిదండ్రులు తమంతట తాము థెరపిస్టునో ఇంటి మనిషినో పంపుతామంటే అది వేరు, కాదనక్కర్లేదు. సీటుకి షరతుగా మాత్రం రాయకూడదు. కర్ణాటకకి ఈ చట్టం కింద సొంత నియమాలు కూడా ఉన్నాయి. మీరు రాసే కాగితంలో చట్టాన్ని, కేంద్ర నియమాన్ని, రాష్ట్ర నియమాల్ని మూడింటినీ ప్రస్తావించండి.

మొదటి షరతు అందరికీ ఒకటే కదా అనిపిస్తుంది. కానీ దాని దెబ్బ ఎవరి మీద పడుతుందో చూడండి. నాలుగేళ్లకి డైపర్ వాడే పిల్లల్లో వైకల్యం ఉన్నవాళ్లే ఎక్కువ. పైగా మీరు ఏడాదిన్నర పిల్లల్ని తీసుకుంటున్నారు, వాళ్లకి డైపర్ మారుస్తూనే ఉన్నారు. ఏడాదిన్నర పిల్లకి చేసే పని నాలుగేళ్ల పిల్లవాడికి ఎందుకు చేయరని అడిగితే మీ దగ్గర జవాబుండదు.

మూడోది. 40 శాతం అన్నది రిజర్వేషన్లకీ, కొన్ని పథకాలకీ పెట్టిన గీత. సర్దుబాటు హక్కుకి ఆ గీత లేదు. 2021 ఫిబ్రవరి 11న వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఈ తేడాని విడమరిచి చెప్పింది. మూడు నాలుగేళ్ల పిల్లలకి సర్టిఫికెట్ ఇంకా చేతికి రాకపోవడం మామూలే. కాబట్టి 'ఉంటే ఇవ్వండి' అనండి, 'లేకపోతే సీటు లేదు' అనకండి. మీకు నిజంగా కావాల్సింది శాతం కాదు. పాప ఏం తింటుంది, ఎలా కూర్చుంటుంది, ఫిట్స్ వస్తే ఏం చేయాలి, ఇవి అడిగే పేజీ పెట్టండి.

నాలుగో షరతు ఇంకా ప్రమాదం. పక్కింటివాళ్ల ఫిర్యాదు మీద పిల్లవాడిని పంపేయడం వివక్షని వేరేవాళ్ల చేత చేయించడమే. ఐదోది రాసినా రాయకపోయినా ఒకటే. బాలల న్యాయ చట్టం, 2015 సెక్షన్ 75 ప్రకారం పిల్లల సంరక్షణ చూసే సంస్థలో పనిచేసేవాళ్లు, నడిపేవాళ్లు పిల్లల పట్ల క్రూరంగా ప్రవర్తిస్తే ఐదేళ్ల దాకా కఠిన కారాగారం, ఐదు లక్షల దాకా జరిమానా. ఫారంలో రాయించుకున్న ఏ సంతకమూ క్రిమినల్ కేసుని ఆపదు.

దివ్యాంగుల చట్టంలో సెక్షన్ 89 కింద మొదటి ఉల్లంఘనకి 10,000 రూపాయల దాకా, ఆ తర్వాతి వాటికి 50,000కి తగ్గకుండా 5 లక్షల దాకా జరిమానా ఉంది. కమిటీలో 'ఏమవుతుందిలే' అనేవాళ్లకి ఈ రెండు అంకెలు చదివి వినిపించండి.

నేల_మీద_ఆట:

చట్టం సంగతి పైన వచ్చింది. ఏం సిద్ధం చేయాలో ప్రత్యేక విద్య, థెరపీ వైపు నుంచి చెబుతాను. చాలావరకు డబ్బుతో అయ్యేవి కావు, చూసుకుని చేయాల్సినవి.

మెట్లతో మొదలుపెట్టండి. క్లబ్‌హౌస్‌లకి సాధారణంగా రెండు మెట్లుంటాయి, ఒక్కోటి 15 సెంటీమీటర్లు. అంటే 30 సెంటీమీటర్ల ఎత్తు. వాలు ఒకటికి పన్నెండు ఉండాలి, కాబట్టి ర్యాంపు 3.6 మీటర్ల పొడవుండాలి. వడ్రంగిని పిలిస్తే మీటరు పొడవు పలక తెచ్చి ఆ మెట్ల మీద ఆనించి పోతాడు. దాని మీద పాపని వీల్‌చైర్‌లో ఎక్కిస్తే కుర్చీ వెనక్కి తిరగబడుతుంది, దింపితే తోసేవాళ్ల చేతిలోంచి జారుతుంది. వెడల్పు 120 సెంటీమీటర్లు, రెండు పక్కలా పట్టుకోడానికి కమ్మీ, లోపలి తలుపు తెరిస్తే 90 సెంటీమీటర్ల ఖాళీ. అంత పొడవుకి చోటు లేకపోతే మధ్యలో చదునైన మలుపు వేసి ఎల్ ఆకారంలో కట్టండి. చోటు లేదని వాలు మాత్రం పెంచకండి.

పాపని కూర్చోబెట్టడం. చీలమండలు, మోకాళ్లు, తుంటి మూడూ నిటారు మూలల్లా వంగి ఉండాలి, అరికాళ్లు కింద ఆనాలి. కాళ్లు గాల్లో వేలాడుతుంటే పాప ఒళ్లంతా పడిపోకుండా ఆపుకోడానికే శక్తి పోతుంది, ఇక చేత్తో క్రేయాన్ పట్టుకునే ఓపిక ఉండదు. కాళ్ల కింద చెక్క పీట వేయండి. బల్ల మోచేతి ఎత్తులో ఉండాలి.

ఒక మాట గట్టిగా చెప్పాలి. ఫీడింగ్ చైర్‌కి బెల్టు ఉంటుంది. అన్నం తినే పావుగంట దాన్ని పెడితే అది రక్షణ. 'కూర్చుని ఉంటుంది కదా' అని 10 గంటల నుంచి 1 దాకా పెట్టి వదిలేస్తే అది పిల్లని కట్టేయడమే. మనుషులు తక్కువున్న చోట ఇది మెల్లగా అలవాటైపోతుంది, ఎవరికీ తప్పనిపించదు. చైర్‌లో ఎప్పుడు పెట్టారు, ఎప్పుడు తీశారు అని గోడకి ఒక కాగితం అంటించి టైము రాయించండి.

తాగించడం. సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లల దగ్గర ఎక్కువగా జరిగే తప్పు ఇదే. నీళ్లు కారిపోతున్నాయని ఆయా గడ్డం కింద చెయ్యి పెట్టి తల వెనక్కి వాల్చి పోస్తుంది. తల వెనక్కి వాలితే నీళ్లు మింగకముందే గొంతులోకి జారి ఊపిరితిత్తుల వైపు పోతాయి, పాప దగ్గుతుంది, కొన్నిసార్లు దగ్గు కూడా రాదు. మెత్తటి ప్లాస్టిక్ గ్లాసు తీసుకుని అంచులో ఒక పక్క ముక్కు పట్టేంత వంపుగా కత్తిరించండి, కత్తిరించిన చోట గరుకు లేకుండా చేయండి. ఆ వంపు ముక్కు వైపు పెట్టి తాగిస్తే తల వంచకుండానే గ్లాసు ఖాళీ అవుతుంది. మజ్జిగ, చారు లాంటి పల్చటివే ఎక్కువ ప్రమాదం. ఎంత చిక్కగా ఇవ్వాలో పాపని చూసే థెరపిస్టు చేత రాయించుకోండి. తిన్నాక అరగంట పడుకోబెట్టొద్దు.

ఫిట్స్ కాగితం ఒక్క పేజీ ఉండాలి, తలుపు వెనకాల అంటించాలి. అందులో: ఫోన్‌లో టైమర్ నొక్కు, పక్కకి తిప్పి పడుకోబెట్టు, తల కింద మెత్తటిది పెట్టు, చుట్టూ ఉన్నవి జరుపు, నోట్లో చెంచా గానీ వేలు గానీ నీళ్లు గానీ ఏమీ పెట్టకు, చేతిలో తాళంచెవులు పెట్టకు, కాళ్లు చేతులు అదిమి పట్టకు. 5 నిమిషాలు దాటితే డాక్టరు రాసిన మందు, 108కి ఫోను. ముక్కులో కొట్టే మిడజోలం స్ప్రే డాక్టరు రాసిస్తే ఎన్నిసార్లు కొట్టాలో చీటీ సీసాకే అంటించండి, గడువు తేదీ నెలకోసారి చూడండి. మందు ఉన్నా పనికిరాకుండా పోయేది ఎక్కడంటే, బీరువాలో పెట్టి తాళం మేనేజరు బ్యాగులో ఉన్నప్పుడు. పిల్లలకి అందని ఎత్తులో, తాళం లేకుండా, ముగ్గురికి తెలిసిన చోట పెట్టండి.

బాబు సంగతి. మాటలు రాలేదంటే అర్థం కాదని కాదు. నాలుగైదు బొమ్మల కార్డులు వరసగా గోడకి పెట్టండి: బూట్లు విప్పడం, ఆట, అన్నం, నిద్ర, అమ్మ. ఒకటి అయ్యాక ఆ కార్డు తీసి డబ్బాలో వేయించండి. ఆటలోంచి అన్నానికి లాక్కుపోతే గొడవ పడే పిల్లవాడు, రెండు నిమిషాల ముందు తర్వాతి కార్డు చూపిస్తే చాలాసార్లు లేచి వస్తాడు. మిక్సీ మోతకి చెవులు మూసుకుంటే అది అల్లరి కాదు. మిక్సీ వేసే టైముకి పిల్లల్ని బయట ఆడించండి, లేదా వంటగది తలుపు వేయండి. ఒక మూల పరుపు, తెర పెట్టి నిశ్శబ్దంగా ఉండే చోటు ఏర్పాటు చేయండి. అది శిక్షకి పంపే మూల కాకూడదు, వాడంతట వాడు వెళ్లే మూల కావాలి. గేటు గడియ పెద్దవాళ్ల భుజం ఎత్తులో ఉండాలి.

డైపర్‌కి నడుం ఎత్తు బల్ల కొనండి. నాలుగేళ్ల పిల్లవాడిని రోజుకి మూడుసార్లు నేల మీద వంగి మారిస్తే నెలలో ఆయా నడుం పోతుంది, ఆ కారణంతోనే పిల్లవాడు వద్దంటారు. డైపర్లు, వైప్స్ ఇంటి నుంచి తెమ్మనొచ్చు, మిగతా పిల్లల ఇళ్ల నుంచి తెప్పించుకుంటున్నట్టే.

భాష గురించి ఒక్క మాట. ఇంట్లో తెలుగు, డే కేర్‌లో కన్నడ, హిందీ. 'ఇంట్లో కూడా ఒకే భాష మాట్లాడండి, తెలుగు ఆపేయండి' అని తల్లిదండ్రులకి చెప్పకండి. రెండు భాషల వల్ల మాట ఆలస్యం కాదు. కార్డు కింద తెలుగు మాట కన్నడ లిపిలో రాస్తే ఆయా కూడా 'నీళ్లు' అనే అంటుంది. బాబుకి ఇంట్లో వినే మాటే అక్కడా వినిపిస్తుంది.

డేకేర్_నిర్వహణ:

ఏజెన్సీ వైపు నుంచి కూడా చూడండి. 28 మందికి ఆరుగురు మనుషులు. ఆ ఆరుగురిలో రోజూ ఒకరు సెలవు. పైన చెప్పినవన్నీ చేయాలంటే పాప దగ్గర ఒకరు, బాబు దగ్గర ఒకరు పూర్తిగా ఉండిపోవాలి. మిగతా 28 మందికి ముగ్గురు. అందులో తొమ్మిది మంది మూడేళ్ల లోపు పిల్లలు. పిల్లవాడు గేటు దాటి పార్కింగ్‌లోకి పోతే ఎవరిది బాధ్యత? తల్లిదండ్రుల చేత మనిషిని పెట్టించడం దుర్మార్గం కాదండీ, భద్రత కోసం. చట్టంలో 'మితిమీరిన భారం' అనే మినహాయింపు కూడా ఉంది, దాన్ని ఎవరూ చెప్పలేదు.

న్యాయపత్రం:

ఆ మినహాయింపు ఉంది, నిజమే. చెప్పనందుకు మన్నించండి. సర్దుబాటు అంటే సంస్థ మీద మితిమీరిన, అనుచితమైన భారం మోపకుండా చేయగలిగే మార్పు అని నిర్వచనంలోనే ఉంది. కానీ భారం ఉందని అనడం చాలదు, లెక్క చూపించాలి. కేంద్ర నియమాల ప్రకారం 20 లేదా అంతకు మించి మనుషులు పనిచేసే ప్రైవేటు సంస్థకి వివక్ష ఫిర్యాదు వస్తే దాని అధిపతి ముందు రెండే దారులు. చట్టం ప్రకారం సరిచేయాలి, లేదా తమ చర్య ఎలా న్యాయమో లిఖితంగా చెప్పాలి. ఏజెన్సీకి ఊరంతా ఎన్ని సెంటర్లున్నాయో, మొత్తం ఎంతమంది పనిచేస్తున్నారో లెక్కేయండి. ఒక్క మీ సెంటర్‌లోని ఆరుగురిని చూపించి 20 లేరంటే సరిపోదు.

లెక్క ఎలా ఉంటుందో ఉదాహరణకి చూద్దాం. ఇంకో ఆయాని నెలకి 18,000కి పెట్టారనుకోండి. 28 మంది మీద పంచితే ఒక్కో ఇంటికి 643 రూపాయలు. కొంత అసోసియేషన్ నిధి నుంచి ఇస్తే ఇంకా తగ్గుతుంది. ఈ లెక్క ముందు పెట్టుకుని ఇది మితిమీరిన భారమని వాదించడం కష్టం. అదే, ఒక పిల్లకి రోజంతా నర్సు కావాలి, గొంతులో గొట్టం ఉంది, మనిషి పక్కన లేకపోతే ప్రాణానికి ప్రమాదం అంటే లెక్క వేరు. అప్పుడు కూడా రాయాల్సింది 'ఇలాంటి పిల్లల్ని తీసుకోం' అని కాదు. 'ఈ పాపకి ఇది కావాలి, మా దగ్గర ఇది ఉంది, ఇది లేదు, ఇందుకు ప్రయత్నించాం' అని ఆ ఒక్క పాప గురించి రాయాలి.

ఇద్దరికీ చెరొక మనిషి పూర్తిగా కావాలన్నది ముందే ఊహించుకున్నది. రెండు వారాలు చూడండి. ఏ గంటలో ఎవరికి ఎంత సాయం కావాలో టైము వేయండి. అన్నం వేళ, డైపర్ వేళ, బయట ఆడే వేళ తప్ప మిగతా రోజంతా మనిషిని పంచుకోవచ్చని సాధారణంగా తేలుతుంది. గేటు భయం 28 మంది పిల్లలదీ. అది షాడో టీచర్‌తో తీరదు, గడియతో తీరుతుంది.

కాగితం_దారి:

కమిటీకి చెప్పాల్సింది చెప్పారు. ఇది చదివే తల్లిదండ్రుల కోసం ఫిర్యాదు దారి రాస్తున్నాను, ఎందుకంటే ఎక్కువ కేసులు కాగితం లేకపోవడం వల్లే పోతాయి.

'వైకల్యం ఉంది కాబట్టి తీసుకోం' అని ఎవరూ రాసివ్వరు. ఫోన్‌లో 'సీట్లు లేవండీ' అంటారు. ఫోన్ పెట్టేసిన గంటలోపు మీరే మెయిల్ పెట్టండి: 'ఈ రోజు ఫలానా టైముకి మాట్లాడినప్పుడు మా బాబు వివరాలు విన్నాక సీటు లేదన్నారు. వెయిటింగ్ లిస్టులో మా నంబరు ఎంత, ఏ తేదీకి ఖాళీ వస్తుంది తెలపగలరు.' జవాబొస్తే అది సాక్ష్యం. రాకపోయినా మీ మెయిల్ సాక్ష్యమే. రెండో మెయిల్‌లో ఏ సర్దుబాట్లు కావాలో నాలుగు లైన్లలో రాయండి, ఏడు రోజుల గడువు ఇవ్వండి. సర్దుబాటు అడిగినట్టే కాగితం మీద లేకపోతే 'కాదన్నారు' అని నిరూపించలేరు.

ఆ తర్వాత రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కి ఫిర్యాదు. లాయరు అక్కర్లేదు. కన్నడలో గానీ ఇంగ్లీషులో గానీ రాయండి. పిల్లల వివరాలు, అవతలి పక్షం పేరు చిరునామా, తేదీల వారీగా జరిగింది, జత కాగితాలు, చివర మీరు కోరేది. ఆ చివరి భాగమే చాలామంది 'తగు చర్య తీసుకోండి' అని రాసి వదిలేస్తారు. 'ఫలానా తేదీలోగా అడ్మిషన్ ఇవ్వాలి, షాడో టీచర్ షరతు తీసేయాలి, వసూలు చేసిన ఇంత సొమ్ము తిరిగివ్వాలి' అని ఒక్కొక్కటిగా రాయండి. అడగనిది ఇవ్వమని ఆయన చెప్పరు. వివక్ష ఫిర్యాదుల్ని 60 రోజుల్లో తేల్చాలని కేంద్ర నియమాల్లో ఉంది, వాయిదా పడుతుంటే ఆ గడువు గుర్తుచేస్తూ ఉత్తరం పెట్టండి.

ఒకటి ముందే తెలుసుకోండి. సాక్షుల్ని పిలిపించడానికి, కాగితాలు తెప్పించడానికి కమిషనర్‌కి సివిల్ కోర్టు అధికారాలున్నాయి. కానీ చివర ఇచ్చేది సిఫారసు. అందుకున్నవాళ్లు మూడు నెలల్లో ఏం చేశారో చెప్పాలి, ఒప్పుకోకపోతే కారణాలు కమిషనర్‌కీ మీకూ తెలపాలి. ఆ కారణాల కాగితమే తర్వాత హైకోర్టులో మీకు పనికొస్తుంది. కొట్టడం, కట్టేయడం, అన్నం నీళ్లు పెట్టకపోవడం లాంటివి అయితే ఇదేదీ కాదు, నేరుగా పోలీసు స్టేషన్, లేదా పిల్లల హెల్ప్‌లైన్ 1098. వైకల్యం ఉన్న వ్యక్తిని తమ ఆధీనంలో ఉంచుకుని తెలిసి తెలిసి అన్నం నీళ్లు ఇవ్వకపోతే సెక్షన్ 92 కింద ఆరు నెలలకి తగ్గకుండా ఐదేళ్ల దాకా జైలు, జరిమానా.

లాయరు కావాలంటే హెచ్. సిద్ధయ్య రోడ్డులో న్యాయదేగుల ఉంది, రాష్ట్ర న్యాయ సేవల ప్రాధికార సంస్థ అక్కడే. న్యాయ సేవల చట్టం సెక్షన్ 12 ప్రకారం పిల్లలకీ, వైకల్యం ఉన్నవాళ్లకీ ఉచిత న్యాయ సాయం దొరుకుతుంది, ఇంటి ఆదాయం ఎంతైనా సరే. ఫోన్ 15100. ఐటీ జీతం వస్తోంది కదా మనకెందుకిస్తారని చాలామంది వెళ్లరు, వెళ్లండి.

ఇంకొకటి. ఆఫీసు క్రెష్ (ఉద్యోగుల పిల్లల్ని చూసుకునే చోటు) వాడేవాళ్లకి కూడా ఇదంతా వర్తిస్తుంది. 50 మంది లేదా అంతకు మించి పనిచేసే సంస్థకి క్రెష్ తప్పనిసరి అని ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణతో వచ్చింది. బయటి ఏజెన్సీకి అప్పగించినా ఫిర్యాదులో కంపెనీ పేరు కూడా పెట్టండి.

సర్జాపూర్_కమిటీ:

అందరికీ ధన్యవాదాలు. మెట్లు కొలిచాం. రెండు కాదు, మూడు. మొత్తం 42 సెంటీమీటర్లు. అంటే ర్యాంపు 5 మీటర్ల పైనే. పక్క తలుపు వైపు ఒక్క మెట్టే ఉంది, 14 సెంటీమీటర్లు, అటునుంచి వేస్తున్నాం.

ఫారంలో 1, 4, 5 తీసేశాం. 2, 3 స్థానంలో ఇలా రాశాం, సరిపోతుందా?

'పిల్లలకి తినడం, కూర్చోవడం, మాట, మందులు, టాయిలెట్ విషయాల్లో ప్రత్యేక సాయం కావాలంటే కింద రాయండి. సర్టిఫికెట్ ఉంటే జతచేయవచ్చు, అడ్మిషన్‌కి అది షరతు కాదు. ఈ సాయానికి విడిగా రుసుము ఉండదు. చేరిన 15 రోజులకి, ఆ తర్వాత మూడు నెలలకొకసారి తల్లిదండ్రులతో కూర్చుని ఏర్పాట్లు సరిచూస్తాం. ఏదైనా సాయం చేయలేకపోతే కారణం, ప్రయత్నించినవి లిఖితంగా ఇస్తాం.'

ఇంకో సందేహం. బాబు వాళ్ల ఆధార్ గుంటూరు చిరునామాతో ఉంది, అక్కడి పాత సదరం సర్టిఫికెట్ (ఆంధ్రలో వైకల్యం శాతం తేల్చి ఇచ్చేది) ఉంది. బెంగళూరులో చెల్లుతుందా?

న్యాయపత్రం:

బాగుంది. 'చేయలేకపోతే' దగ్గర 'ఏడు పని దినాల్లో' అని చేర్చండి, గడువు లేని హామీ ఎవరికీ గుర్తుండదు. ఈ కాగితాల్లో ఉన్న రోగ వివరాలు డే కేర్ వాట్సాప్ గ్రూపులో పెట్టకూడదని కూడా ఒక లైను రాయండి. 'జాగ్రత్తగా చూసుకోండి' అనే మంచి ఉద్దేశంతోనే పెడతారు, సాయంత్రానికి 412 ఫ్లాట్లకీ తెలిసిపోతుంది.

పక్క తలుపు వైపు 14 సెంటీమీటర్లంటే ర్యాంపు 168 సెంటీమీటర్లు చాలు. పైన తలుపు ముందు వీల్‌చైర్ నిలిపి తలుపు తీసుకునేంత చదును చోటు వదలడం మరవకండి.

కాగితం_దారి:

సర్టిఫికెట్ సంగతి. దివ్యాంగుల చట్టం సెక్షన్ 58 కింద ఇచ్చిన వైకల్య సర్టిఫికెట్ దేశమంతా చెల్లుతుంది. గుంటూరుదైనా బెంగళూరులో చూపించొచ్చు. కానీ గడువు తేదీ చూడమనండి. చిన్న పిల్లలకి తాత్కాలిక సర్టిఫికెట్టే ఎక్కువగా ఇస్తారు, గడువు దాటితే మళ్లీ పరీక్ష చేయించాలి.

సదరం ఒక్కటే ఉండి యూడీఐడీ లేకపోతే దానికోసం కేంద్రం నడిపే స్వావలంబన్ పోర్టల్‌లో దరఖాస్తు చేయాలి, మైనరు కాబట్టి తల్లిదండ్రులే చేయొచ్చు. దీనికోసం గుంటూరు పోవాలని చాలామంది అనుకుంటారు. నియమాల ప్రకారం నివాస జిల్లాలో గానీ, ఆ వైకల్యానికి చికిత్స పొందుతున్న ప్రభుత్వ ఆసుపత్రిలో గానీ అడగొచ్చు. బాబుని ఇక్కడ ఏదైనా ప్రభుత్వ ఆసుపత్రిలో చూపిస్తుంటే ఆ ఓపీ చీటీలు జతచేసి ఇక్కడే పెట్టండి. 2024 సవరణ తర్వాత సర్టిఫికెట్ ఇవ్వడానికి మూడు నెలల దాకా గడువుంది, అంతకుముందు నెలే ఉండేది. ఈలోగా డే కేర్‌లో చేరడానికి అది అడ్డు కాదని పైన తేలింది కదా.

దరఖాస్తు పెట్టాక వచ్చే ఎన్‌రోల్‌మెంట్ నంబరు ఫోటో తీసి పెట్టుకోమనండి. స్టేటస్ చూడాలన్నా, ఆసుపత్రిలో ఫైలు వెతికించాలన్నా మొదట అదే అడుగుతారు.